మైక్ పారోబెక్ గుర్తుగా ఒక రోజు ప్రదర్శన: ఏ సంచికలు పెట్టాలి, ఆ గీత పిల్లలతో ఎలా సాధన చేయించాలి?

గీతాపిచ్చి అడిగినది:

అమెరికన్ కామిక్స్ చిత్రకారుడు మైక్ పారోబెక్ 1996 జూలై 2న పోయాడు. మధుమేహం వల్ల వచ్చిన సమస్యలు, వయసు 30. టీవీ బ్యాట్‌మన్ కార్టూన్‌కి జోడీగా డీసీ కామిక్స్ కంపెనీ వాళ్లు తెచ్చిన 'ద బ్యాట్‌మన్ అడ్వెంచర్స్' చదివినవాళ్లకి ఆయన బొమ్మ చూడగానే గుర్తొస్తుంది గానీ, గీసింది ఎవరంటే చెప్పలేరు. చాలామంది అది ఆ కార్టూన్‌ పాత్రలకి రూపం ఇచ్చిన బ్రూస్ టిమ్ అనుకుంటారు.

కాలనీ గ్రంథాలయంలో జూలై 2న ఒక బల్ల మీద ఆయన పుస్తకాలు పరిచి, సాయంత్రం రెండు గంటలు పిల్లలతో బొమ్మలు వేయించాలని ఆలోచన. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా పదిహేను మంది వస్తారు. మూడు విషయాల్లో సాయం కావాలి.

అన్నీ కొనే స్తోమత లేదు కాబట్టి ఏవి తప్పనిసరి? జోకర్ అనుచరురాలు హార్లీ క్విన్ వచ్చే 12వ సంచిక ఒకటి అమ్మకానికి కనిపించింది, అది అసలుదో తర్వాత వేసినదో ఎలా తేల్చుకోవాలి? ఆయన గీత చూడటానికి చాలా తేలిక, వేయబోతే బొమ్మ చచ్చిపడుతోంది, ఎక్కడ తప్పుతోంది?

పాతసంచిక:

మొదటి ప్రశ్నకి నేను చెబుతాను. డబ్బు తక్కువైతే ఒక్క పుస్తకం చాలు: 'ద బ్యాట్‌మన్ అడ్వెంచర్స్' సంకలనాల్లో రెండో సంపుటం. 11 నుంచి 20 దాకా సంచికలు అందులో ఉంటాయి. మొదటి సంపుటం 1 నుంచి 10. కానీ పారోబెక్ వచ్చింది 7వ సంచికతో. అంతకుముందువి టై టెంపుల్టన్, బ్రాడ్ రేడర్ గీసినవి. తెలియక మొదటి సంపుటం కొని, సగానికి పైగా వేరేవాళ్ల బొమ్మలు పెట్టుకుని పారోబెక్ అని బోర్డు రాస్తే నవ్వులపాలవుతాం. ఆ పత్రిక 1992లో మొదలై 1995లో 36వ సంచికతో ఆగింది. 7 తర్వాత కూడా అక్కడక్కడా వేరే చేతులు ఉన్నాయి కాబట్టి ప్రతి సంచికలోనూ కథ మొదట్లో పేర్లు చూసుకోండి.

తెరిచి పెట్టాల్సినవి నా లెక్కలో నాలుగు.

10వ సంచిక, రిడ్లర్ కథ. దీంట్లో మాస్టర్‌మైండ్, ప్రొఫెసర్, మిస్టర్ నైస్ అని ముగ్గురు చిల్లర దొంగలు ఉంటారు. వాళ్లు డీసీ సంపాదకులు మైక్ కార్లిన్, డెన్నీ ఓనీల్, ఆర్చీ గుడ్విన్‌ల వ్యంగ్యరూపాలు. మిస్టర్ నైస్‌ని చూడండి, కండలు తిరిగిన మనిషి, మొహంలో మాత్రం పసివాడి అమాయకత్వం. రెండు చుక్కల కళ్లతో ఆ భావం పట్టుకొచ్చాడు. ఇది మొదటి సంపుటంలో ఉంటుంది.

12వ సంచిక సంగతి వేరేవాళ్లు చెబుతారు. 16వ సంచికలో జోకర్ ఒక కామిక్స్ చిత్రకారుణ్ని ఎత్తుకుపోయి తన కథ బొమ్మల్లో వేయమంటాడు. కామిక్స్ ఎలా తయారవుతాయో పిల్లలకి చెప్పడానికి ఇంతకన్నా మంచి సాకు దొరకదు. 25వ సంచికలో సూపర్‌మ్యాన్ వస్తాడు. టిమ్ బృందం చేసిన సూపర్‌మ్యాన్ కార్టూన్ టీవీలో మొదలైంది 1996 సెప్టెంబర్‌లో, అంటే పారోబెక్ పోయిన రెండు నెలలకి. ఆ బాణీలో సూపర్‌మ్యాన్ ఎలా ఉంటాడో 1994లోనే కాగితం మీద వేసేశాడన్నమాట.

బ్యాట్‌మన్ ఒక్కటే పెట్టకండి. 1992-93లో వచ్చిన 'జస్టిస్ సొసైటీ ఆఫ్ అమెరికా' పది సంచికలు (కథ లెన్ స్ట్రజెస్కీ) ఒకటైనా సంపాదించండి. అక్కడి వీరులంతా ముసలివాళ్లు. నెరిసిన కణతలు, లావెక్కిన నడుములు, అయినా పరిగెత్తుతున్నారు. ముసలితనం అంటే మొహం నిండా ముడతల గీతలు కొట్టే కాలంలో, ఈయన దవడ కింద ఒక్క వంపుతో, భుజాల వాలుతో వయసు చూపించాడు. జెస్సీ క్విక్ పాత్ర పుట్టింది కూడా ఆ మొదటి సంచికలోనే.

'ఎల్ డయాబ్లో' 16 సంచికలు (1989-91) తొలిదశ పని, గీత ఇంకా కుదురుకోలేదు. పోలికకి ఒకటి ఉంటే మంచిది, లేకపోయినా నష్టం లేదు. 'ద ఫ్లై' 17 సంచికలు (1991-92) మాత్రం చాలా సరదాగా ఉంటాయి. ఇది డీసీ వాళ్లు ఆర్చీ కంపెనీ పాత్రల్ని అద్దెకి తీసుకుని నడిపిన ఇంపాక్ట్ వరుసలోది. హక్కులు ఒకరివి, పని చేయించింది ఇంకొకరు. అందుకే సంకలనం కోసం ఎదురుచూడటం దండగ, పాత విడి సంచికలే వెతుక్కోవాలి. మంచి సంగతి ఏమిటంటే వీటిని ఎవరూ పట్టించుకోరు కాబట్టి ధర తక్కువే. హైదరాబాద్ ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల బజారు లాంటి చోట్ల అమెరికన్ కామిక్స్ కట్టలు కనబడితే ముఖచిత్రం చూసి వదిలేయకుండా లోపల పేర్లు తిప్పి చూడండి.

సిరాచుక్క:

మూడో ప్రశ్న నాది. కాస్త పొడుగవుతుంది.

"చూడటానికి తేలిక, వేస్తే చచ్చిపడుతోంది" అన్నారు చూశారూ, అసలు గుట్టు అక్కడే ఉంది. 1992లో అమెరికన్ కామిక్స్‌లో గాలి ఎటు వీస్తోందో గుర్తు చేసుకోండి. టాడ్ మెక్‌ఫర్లేన్, జిమ్ లీ వాళ్లు ఇమేజ్ కామిక్స్ పెట్టిన ఏడాది. ప్రతి కండ మీదా వంద సన్నగీతలు, ప్రతి బెల్టుకీ పది జేబులు. గీతలు ఎన్ని ఎక్కువుంటే అంత పనితనం అని లెక్క. ఆ జాతరలో ఈయన గీతలు తీసేస్తూ పోయాడు. గీతలు ఎక్కువున్న బొమ్మలో చెయ్యి ఒక అంగుళం పొడుగైనా ఆ నీడల్లో కలిసిపోతుంది. ఆరు గీతల బొమ్మలో ఒక్కటి తప్పినా మొహం మీద కొట్టినట్టు కనిపిస్తుంది, దాక్కోవడానికి చోటుండదు. బాపు గీత అలవాటైన తెలుగు కంటికి ఇది వివరించి చెప్పక్కర్లేదు.

పిల్లలు (పెద్దలు కూడా) చేసే మొదటి తప్పు, బయటి అంచు నుంచి మొదలుపెట్టడం. చెవుల కొనలు, గడ్డం, కేప్ అంచు అలా గీసుకుంటూ వస్తారు. అంచు సరిగ్గానే వస్తుంది, లోపల మనిషి ఉండడు. వరస ఇలా పెట్టండి.

ముందు ట్రేసింగ్ కాగితం. అచ్చులో ఒక ప్యానెల్ మీద పరిచి, మనిషి ఆకారం మొత్తం నల్లగా నింపమనండి. కళ్లూ ముక్కూ ఏమీ వద్దు, నీడబొమ్మ మాత్రమే. తీసి చూస్తే ఆ మనిషి ఏం చేస్తున్నాడో తెలియాలి. పారోబెక్ ప్యానెళ్లు నూటికి తొంభై ఈ పరీక్ష నెగ్గుతాయి. అదే పిల్లవాడు వేసిన సొంత బొమ్మ నింపి చూపిస్తే చేతులు ఒంట్లో కలిసిపోయి ముద్దలా ఉంటుంది. ఉపన్యాసం అక్కర్లేదు, తేడా వాళ్లకే అర్థమవుతుంది. దీనికి 20 నిమిషాలు.

తర్వాత అదే ప్యానెల్‌లో మడమ నుంచి తల దాకా ఒకే వంపు గీత పట్టుకోమనండి. దూకేవాడికి విల్లులా, గుద్దేవాడికి చంద్రవంకలా. ఆ వంపు మీద మూడు ముద్దలు: ఛాతీ పెద్ద గుడ్డు, నడుము చిన్న గుడ్డు, తల. కేప్ విడిగా వేయకూడదు. ఒంటితో కలిపి ఒకే ఆకారం అనుకోవాలి. కేప్‌కి మడతలు ఎక్కువ వేస్తే బరువు పోయి గుడ్డపీలిక అవుతుంది, రెండు మూడు చాలు. ఇది 30 నిమిషాలు, లేత నీలం పెన్సిల్‌తో.

ఇక్కడ రెండో తప్పు జరుగుతుంది. అందరూ బ్రూస్ టిమ్ నమూనా కాగితాలు చూసి గడ్డం రంపంతో కోసినట్టు, భుజాలు బీరువాలా వేస్తారు. పారోబెక్ ఆ నమూనాల్నే పాటించాడు గానీ మూలల్ని కాస్త అరగదీశాడు. ఆయన బొమ్మల్లో మోకాళ్లు వంగుతాయి, మనిషి నేల మీద దిగితే బరువు తెలుస్తుంది. టిమ్ ఒంపులో స్థిరంగా నిలబడిన ఠీవి ఉంటే, ఈయనదాంట్లో బంతిలా ఎగిరే గుణం ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూపించండి. టిమ్ పనికి 1994లో వచ్చిన 'మ్యాడ్ లవ్' కామిక్ సరిపోతుంది.

కాగితం కొలత గురించి. అమెరికన్ కామిక్స్ పేజీ అసలు బొమ్మ మామూలుగా 11 × 17 అంగుళాల బ్రిస్టల్ అట్ట మీద, లోపల సుమారు 10 × 15 అంగుళాల గడిలో వేస్తారు. అచ్చులో అది దాదాపు మూడింట రెండొంతులకి కుదించుకుపోతుంది. మన ఏ3 కాగితంలో 10 × 15 గడి పైన కిందా ముప్పావు అంగుళం అంచు వదిలి సరిగ్గా పడుతుంది. పిల్లలకి పూర్తి పేజీ ఎక్కువవుతుంది. ఏ4 కాగితం అడ్డంగా పెట్టి 10 × 7.5 గడి గీయించండి, అచ్చం సగం పేజీ. అందులో రెండు ప్యానెళ్లు, అంతకు మించి వద్దు. అచ్చు కొలతలోనే కాపీ చేయనివ్వకండి. చిన్న బొమ్మని చిన్నగానే వేస్తే మణికట్టు కదలదు, గీత వణుకుతుంది.

సిరా పని అన్నిటికన్నా ముఖ్యం. జెల్ పెన్నుతోనో ఫైన్‌లైనర్‌తోనో వేస్తే గీత అంతటా ఒకే మందంగా ఉంటుంది. బొమ్మ చచ్చిపడటానికి సగం కారణం అదే. రిక్ బర్చెట్ సిరా వేసిన పేజీల్లో గీత మందం మారుతూ ఉంటుంది: గడ్డం కింద, చంక కింద, నేలకి ఆనిన పాదం దగ్గర లావు, వెలుగు పడే వైపు సన్నం. 2 నంబరు గుండ్రటి కుంచె, వాటర్‌ప్రూఫ్ డ్రాయింగ్ ఇంక్ (కామెల్ వాళ్లది ఏ స్టేషనరీ దుకాణంలోనైనా దొరుకుతుంది) చాలు. పదిహేను మందికి చిన్న సీసాలు ఐదు, ముగ్గురికి ఒకటి. కుంచెలు మాత్రం మనిషికి ఒకటి.

కుంచె వెంట్రుకల్లో మూడో వంతు వరకే ముంచాలి. లోహపు పట్టీ దాకా ముంచితే సిరా లోపల ఎండి మొన రెండుగా చీలుతుంది, ఆ కుంచె ఇక పనికిరాదు. కాగితం 200 జీఎస్ఎం కార్ట్రిడ్జ్. జిరాక్స్ కాగితం మీద సిరా పాకి గీత చుట్టూ వెంట్రుకలు మొలిచినట్టవుతుంది. నీలం పెన్సిల్ గట్టిగా నొక్కితే మైనం పొర పట్టి సిరా జారిపోతుంది, కాబట్టి తేలిక చెయ్యి. జూలై అంటే వానాకాలం, గాల్లో తేమకి సిరా ఆరడం ఆలస్యం. వేలితో ముట్టి చూడకుండా కాగితాన్ని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే తడి మెరుపు కనిపిస్తుంది. అది పూర్తిగా పోయాకే రబ్బరు. తొందరపడితే నలుపంతా బూడిదరంగు అయిపోతుంది. ఎడమచేతి వాటం పిల్లలుంటే కుడి నుంచి ఎడమకి వేయమనండి.

స్కాన్ చేసేటప్పుడు నీలం గీతలు పోవాలంటే రంగుల్లో స్కాన్ చేసి, కంప్యూటర్‌లో నీలం ఛానెల్ (బొమ్మలోని నీలం రంగు పొర) ఒక్కటే ఉంచుకోండి. లేత నీలం అందులో తెల్లగా కలిసిపోతుంది, సిరా మిగులుతుంది. ఎరుపు ఛానెల్ ఉంచితే వ్యతిరేకంగా జరుగుతుంది.

గీతాపిచ్చి:

సిరాచుక్క గారూ, చాలా థాంక్సండీ. నేను ఫైన్‌లైనర్లే కొనబోయాను, ఆపేశాను. ఒక సందేహం. పెన్సిల్ ఒకరు, సిరా ఒకరు అయితే అచ్చులో కనిపించే గీత ఎవరిది? బోర్డు మీద ఒక్క పారోబెక్ పేరే రాస్తే తప్పవుతుందా?

సిరాచుక్క:

తప్పే అవుతుంది. మనిషి ఎక్కడ నిలబడాలి, ఏ కోణంలో చూడాలి, ఏ క్షణం పట్టుకోవాలి, మొహంలో ఏ భావం, ఇవి పెన్సిల్ పని. గీత మందం, నలుపు ఎక్కడ ఎంత, అంచు పదునా మెత్తనా, ఇవి సిరా పని. 'జస్టిస్ సొసైటీ' పది సంచికలకి సిరా వేసింది మైక్ మాక్లన్. ఆ పేజీ ఒకటి, బ్యాట్‌మన్ పేజీ ఒకటి పక్కన పెట్టి, రెండింట్లోనూ మారనిది ఏమిటో పిల్లల్ని కనుక్కోమనండి. నిలబడే తీరు, చేతివేళ్లు, పరిగెత్తే కాళ్లు మారవు. అదే పారోబెక్. మారినదంతా సిరా.

ఇంకోటి, కథ రాసిన కెల్లీ పకెట్ మాటలు బాగా పొదుపు. మాటల బుడగ ఒక్కటీ లేని ప్యానెళ్లు వరసగా వస్తుంటాయి. ఆ భారమంతా బొమ్మ మోయాలి. అలాంటి వరస ఒకటి ఎంచి, జిరాక్స్ తీసి, ప్యానెళ్లు విడివిడిగా కత్తిరించి కలిపేసి పిల్లలకి ఇవ్వండి. సరైన వరసలో పేర్చమనండి. పేర్చగలిగితే బొమ్మ కథ చెప్పినట్టే. 10 నిమిషాల ఆట, మొదట్లో పెడితే బిడియం పోతుంది.

భూతద్దం:

12వ సంచిక సంగతి. ముందు ఒక అపోహ తీసేద్దాం. అమ్మేవాళ్లు "హార్లీ క్విన్ మొట్టమొదటి దర్శనం" అని రాస్తారు. ఆమె మొట్టమొదట వచ్చింది టీవీలో, 1992 సెప్టెంబర్ 11న ప్రసారమైన 'జోకర్స్ ఫేవర్' భాగంలో. 12వ సంచిక మీద తేదీ 1993 సెప్టెంబర్. కామిక్స్‌లో మొదటిసారి అనడం సరైన మాట. పైగా ఆ కథ ఆమెది కాదు, బ్యాట్‌గర్ల్‌ది. బార్బరా గోర్డన్ మారువేషాల విందుకి గబ్బిలం వేషంలో వెళ్తే పాయిజన్ ఐవీ, హార్లీ అక్కడ తగులుతారు. హార్లీ గతం చెప్పే 'మ్యాడ్ లవ్' ఇంకా తర్వాతది. డీసీ అసలు కథల ప్రపంచంలోకి హార్లీ అడుగుపెట్టింది 1999లో. ఇవన్నీ కలిపేసి ఏది పడితే అది "మొదటిది" అని అమ్మేవాళ్లున్నారు, జాగ్రత్త.

ఈ సంచిక అచ్చం పాతదానిలా, ప్రకటనలతో సహా, డీసీ మళ్లీ వేసింది. దాన్ని ఫాక్సిమిలీ అంటారు. అది మోసం కాదు, మీ ప్రదర్శనకి చక్కగా పనికొస్తుంది కూడా. పాతదని చెప్పి ఆ ధర అడిగితేనే మోసం. చూడాల్సింది మొదట ముఖచిత్రం మీద ధర: అసలుది 1.25 డాలర్లు. తర్వాత లోపల అడుగున ఉండే చిన్న అక్షరాల ముద్రణ వివరాలు. ఫాక్సిమిలీ అయితే కొత్త ఏడాదీ ఆ మాటా అక్కడ ఉంటాయి. ఆన్‌లైన్‌లో కొంటుంటే ముఖచిత్రం ఫోటో ఎన్ని పంపినా లాభం లేదు, ఆ చిన్న అక్షరాల ఫోటో అడగండి. పంపకపోతే వదిలేయండి.

కాగితం కూడా చెబుతుంది. ముప్పై ఏళ్లు దాటిన చవక కాగితం అంచుల దగ్గర లేత గోధుమరంగుకి తిరుగుతుంది, మధ్యలో తెలుపు ఎక్కువ మిగులుతుంది. పేజీ అంతటా ఒకే పసుపు ఉంటే టీ నీళ్లలో ముంచారేమోనని అనుమానించాలి.

దొంగ అచ్చు పట్టుకోవడానికి పది రెట్లు పెంచే భూతద్దం కావాలి, నగల దుకాణాల్లో వాడేది. దాంతో మాటల బుడగలోని నల్ల అక్షరాలు చూడండి. అసలు అచ్చులో నల్లగీతకి విడిగా ప్లేటు ఉంటుంది కాబట్టి అక్షరం అంచు నునుపుగా, లోపల నిండు నలుపుగా ఉంటుంది. అచ్చైన పుస్తకాన్ని స్కాన్ చేసి మళ్లీ వేస్తే ఆ నలుపు కూడా నీలం, గులాబీ, పసుపు చుక్కలుగా విడిపోతుంది. రంగు భాగాల్లో చుక్కలు రెండింట్లోనూ ఉంటాయి, వాటిని చూసి తేల్చుకోకండి.

నిజం చెప్పాలంటే మీ పనికి అసలు ప్రతి అక్కర్లేదు. రెండో సంపుటంలో ఆ కథ ఉండనే ఉంది. గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసి గ్రేడు అంకె అంటించిన ప్రతి కొంటే ముఖచిత్రం తప్ప లోపలి పేజీ ఒక్కటీ చూపించలేరు. గీసినవాణ్ని గుర్తు చేసుకునే రోజున గీత కనబడకపోతే ఎలా?

పాతసంచిక:

భూతద్దం గారు చెప్పినదాంతో ఒప్పుకుంటాను. ఒక్క సవరణ. బల్ల మీద ఒక్కటైనా పాత కాగితం సంచిక ఉండాలి, అది 12 కానక్కర్లేదు, ధర పలకని 14 అయినా సరే. సంకలనాల్లో కాగితం తెల్లగా నున్నగా ఉండి రంగులు గట్టిగా కొడతాయి. రిక్ టేలర్ వేసిన రంగులు కాస్త సిరా పీల్చే కాగితం మీద మెత్తబడతాయని లెక్క చూసుకుని వేసినవి. రాత్రి ఆకాశం ఊదా, ఎరుపు మచ్చలు పాత కాగితం మీద చూస్తే ఒక రకం, సంకలనంలో చూస్తే ఇంకో రకం. రెండూ ఒకే పేజీ దగ్గర తెరిచి పక్కపక్కన పెట్టండి.

బయటి దేశం నుంచి తెప్పిస్తే పోస్టు, కస్టమ్స్ కలిపి సంచిక ధరని మించిపోవచ్చు. నాలుగైదు కలిపి ఒకే పార్సిల్‌లో తెప్పించుకోవడం మేలు. జూలైకి కావాలంటే ఏప్రిల్‌లోనే ఆర్డరు పెట్టండి.

అట్టపెట్టె:

ఎవరూ భద్రం గురించి చెప్పలేదు, వానాకాలం ప్రదర్శన కాబట్టి చెబుతున్నాను.

చవక కాగితంలో లిగ్నిన్ ఉంటుంది. వెలుగు, వేడి తగిలితే అది ఆమ్లంగా మారి కాగితాన్ని పసుపు చేస్తుంది, పెళుసుగా చేస్తుంది. దాన్ని ఆపలేం, నెమ్మదించగలం. ఒక్కో సంచికకి ఒక పాలీప్రొపిలీన్ సంచి, వెనక ఆమ్లం లేని అట్ట. 1990ల తర్వాతి సంచికలకి "కరెంట్ సైజు" అడగండి, సంచి వెడల్పు సుమారు ఆరు ముప్పావు నుంచి ఏడు అంగుళాల లోపు. అంతకన్నా పెద్దదైతే పుస్తకం లోపల జారి మూలలు నలుగుతాయి, చిన్నదైతే పెట్టేటప్పుడే వెన్ను చిరుగుతుంది. అట్టకి ఒకవైపు నున్నగా ఉంటుంది, అది పుస్తకం వైపు రావాలి. మామూలు పుట్టిన్‌రోజు కార్డు అట్ట, చొక్కాల పెట్టెలో వచ్చే అట్ట వాడితే వాటిలోని ఆమ్లం పుస్తకానికే పాకుతుంది.

కోస్తాలో అసలు శత్రువు స్టేపుల్ పిన్ను. తేమకి తుప్పు పట్టి చుట్టూ గోధుమరంగు మరక పాకుతుంది, తర్వాత మధ్యపేజీ ఊడివస్తుంది. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, రంగు మారే రకమైతే మారినప్పుడల్లా ఎండబెట్టండి. పెట్టె నేల మీద వద్దు, బయటి గోడకి ఆనించి వద్దు, నాలుగు అంగుళాలు ఎడం. పుస్తకాలు నిలువుగా నిలబెట్టండి, ఒరగకుండా నిండుగా, వేలు దూరేంత సందుతో. నాఫ్తలీన్ ఉండలు వేయకండి. ఆ ఆవిరి ప్లాస్టిక్‌ని, అచ్చు సిరాని పాడు చేస్తుంది. వేపాకు కూడా వద్దు, పచ్చిది తేమ తెస్తుంది, ఎండింది పొడై మరక పడుతుంది. లామినేషన్ మాట ఎత్తొద్దు. సెల్లో టేపు పదేళ్లకి గోధుమరంగు జిగురై మిగులుతుంది.

ఆ రోజు బల్ల కిటికీ పక్కన వేయకండి. ఎల్‌ఈడీ దీపం సరే, ఎండ వద్దు. పుస్తకాన్ని పూర్తిగా 180 డిగ్రీలు తెరిస్తే వెన్ను మీద తెల్లగీతలు పడతాయి, మళ్లీ పోవు. రెండు వైపులా మడిచిన తువ్వాళ్లు పెట్టి 120 డిగ్రీలకి మించకుండా తెరవండి. పేజీ ఆగకపోతే రెండు సెంటీమీటర్ల వెడల్పు పారదర్శక ప్లాస్టిక్ పట్టీ చుట్టండి, క్లిప్పులు వద్దు. పిల్లలు తిరగేయడానికి సంకలనం, చూడటానికి మాత్రమే పాత సంచిక. సిరా సీసాలున్న బల్లకీ దీనికీ మధ్య కనీసం ఒక గది గోడ ఉండాలి.

గీతాపిచ్చి:

అందరికీ థాంక్సండీ. తువ్వాళ్ల ఉపాయం భలే ఉంది. రెండో సంపుటం, 'జస్టిస్ సొసైటీ' ఒకటి, పాత బ్యాట్‌మన్ సంచిక ఏదో ఒకటి, 'ద ఫ్లై' దొరికితే ఒకటి. 12వ సంచిక మానేశాను. ఇక బోర్డు మీద వివరం ఒక్కటి మిగిలింది. ఆయన జబ్బు గురించి ఎంత రాయాలి?

పాతసంచిక:

ఒక్క వాక్యం. మధుమేహం వల్ల వచ్చిన సమస్యలతో పోయాడన్నది చాలు. "జాగ్రత్త పడి ఉంటే" లాంటి మాట రాయకండి, అది మనకి తెలిసిన విషయం కాదు. విరాళం డబ్బా పెట్టాలనుకుంటే అమెరికాలో హీరో ఇనిషియేటివ్ అనే సంస్థ ఉంది, 2000లో మొదలైంది, కష్టంలో పడ్డ కామిక్స్ కళాకారుల వైద్యానికీ ఇంటి అద్దెకీ సాయం చేస్తుంది. పేజీకింతని తీసుకుని పనిచేసేవాళ్లకి జబ్బు చేస్తే జీతం రాదు కాబట్టి పుట్టిన సంస్థ అది. ఇక్కణ్నుంచి చిన్న మొత్తం పంపితే బ్యాంకు ఛార్జీలకే పోతుంది. దానికి బదులు ఆ డబ్బుతో గ్రంథాలయానికి రెండో సంపుటం ఇంకో ప్రతి కొనిపెట్టండి.

బోర్డుకి ఈ కింది మాటలు వాడుకోండి, పేర్లు ఒక్కటీ తీసేయకుండా:

మైక్ పారోబెక్ (1965-1996). 'ద బ్యాట్‌మన్ అడ్వెంచర్స్' 7వ సంచిక నుంచి ప్రధాన చిత్రకారుడు. కథ కెల్లీ పకెట్, పెన్సిల్ మైక్ పారోబెక్, సిరా రిక్ బర్చెట్, రంగులు రిక్ టేలర్, అక్షరాలు టిమ్ హార్కిన్స్, సంపాదకుడు స్కాట్ పీటర్సన్.

సిరాచుక్క:

ఆ బోర్డు కూడా చేత్తో రాయించండి, కుంచెతో. పిల్లల్లో అక్షరాలు బాగా రాసేవాళ్లు ఎవరో ఒకరుంటారు. రాసేముందు పెన్సిల్‌తో రెండు అడ్డగీతలు కొట్టుకోమనండి, తలకట్లు వాటికి ఆనాలి. వత్తులకీ గుడులకీ పైనా కిందా అక్షరం ఎత్తులో సగం చోటు వదలాలి, లేకపోతే "బర్చెట్" కింది వరసలోకి దిగిపోతుంది.